మంచు రంగు: తెలుపు

కృత్తిక కార్తె, ఐదో రోజు

పొద్దున కాలువ మట్టం అడుగున్నర. సాయంత్రం మట్టం రెండడుగుల రెండంగుళాలు. ఎండ వేడి పద్నాలుగు డిగ్రీలు. మంచు రంగు తెలుపు.

ఇవాళ ప్రభుత్వం ఇచ్చిన లెక్కల పలకలో ఎక్కించిన నాలుగు సంగతుల్లో మూడు నిజాలు. నాలుగోది అబద్ధమని నాకు తెలుసు, మా ఊరందరికీ సగం తెలుసు, పలకకి మాత్రం తెలియదు. దానికి నేనేం చెబితే అదే వేదం. ఈ కాగితం పుస్తకం ఎవరూ చదవరు గనక ఇందులో ఉన్నదున్నట్టు రాసుకుంటాను. మనిషన్నాక ఎక్కడో ఒకచోట నిజం కక్కకపోతే కడుపు ఉబ్బిపోతుంది.

నా పేరు వీరవేణి. ఈ కాలువకి లస్కర్ని, అంటే నీళ్ళకి కాపలాదారుని. మా తాత గోదావరి లాకుల దగ్గర లస్కరు. సముద్రం లంకల్ని మింగేశాక ప్రభుత్వం మావాళ్ళని తెచ్చి ఈ మంచుకొండల మధ్య దించి నలభై రెండేళ్ళయింది. నాకప్పుడు పద్నాలుగు. ఊరికి పేరేం పెట్టుకుంటారని అడిగితే మా పెద్దవాళ్ళు ఎగువలంక అన్నారు. చుట్టూ నీళ్ళు లేని లంక! బండరాళ్ళని దొర్లించుకుంటూ దూకే ఈ సెలయేటిని ఇప్పటికీ కాలువనే అంటారు. గోదారిని చూసిన కళ్ళకి ఇరవై అడుగుల వెడల్పున్న ఏ నీళ్ళయినా కాలువే మరి.

రోజూ అడుగులు, అంగుళాలు గీసిన గేజి రాయి దగ్గర మట్టం చూస్తాను. పై గట్టు ఎక్కి మంచు రంగు చూస్తాను. రెండూ పలకలో ఎక్కిస్తే అది లెక్క కట్టి, ఎగువలంకలోనూ, దిగువనున్న నర్మో ఊళ్ళోనూ ప్రతి ఇంటి పలకలో ఒక రంగు చూపిస్తుంది. ఆకుపచ్చ అయితే నిశ్చింత. పసుపు అయితే సామాను సర్దుకోవాలి. ఎరుపు అయితే పరుగే. వేరే కొండల మంచుని ఆకాశంలోని కన్ను చూసుకుంటుంది. మా కొండ మీద ఎప్పుడూ మబ్బు పట్టే ఉంటుంది కాబట్టి మాకు మనిషి కావలసి వచ్చింది.

కృత్తిక కార్తె, తొమ్మిదో రోజు

సాయంత్రం మట్టం రెండడుగుల ఏడంగుళాలు. మంచు రంగు తెలుపు అని రాశాను. చూసింది బూడిద రంగు.

పొద్దున్నే భూలోకం బాబాయి గేజి రాయి దగ్గరికి వచ్చాడు. ఎనభై ఒకటో ఏడు. దిగువ వీధిలో కాలువ పక్కనే ఇల్లు. మావాళ్ళు లంక నుంచి తెచ్చుకున్న ఎర్ర వడ్ల విత్తనం ఆయన దగ్గరే ఉంటుంది. రెండు బస్తాలు. ఏటా పోసి, ఏటా కొత్త విత్తనం తీసుకోవాలి. ఒక ఏడు ఆపితే సగం మొలవదు. రెండేళ్ళు ఆపితే ఇక లేనట్టే.

"ఏమే వేణీ, మడి మీద మంచు ఎప్పటికి తీసుద్దంటావ్?" అన్నాడు.

"ఇంకో వారం పడుతుంది బాబాయ్."

"వారం కుదరదే. రోహిణి పెట్టేసరికి ఆకుమడి పోసెయ్యాల. మా నాన్న రోహిణి దాటనిచ్చేవోడు కాదు."

రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయని సామెత. ఇక్కడ రోళ్ళ సంగతి దేవుడెరుగు, చలికి పెదాలు పగులుతున్నాయి. అయినా నారు పోయడం మాత్రం రోహిణిలోనే. అందుకే బూడిద.

ఎనిమిదేళ్ళ కిందట బాబాయి ఇంటి వెనక పొయ్యి బూడిద పోసినచోట మంచు ముందుగా కరిగిందని కనిపెట్టారు. నల్లటి బూడిద ఎండని పట్టుకుంటుంది. అప్పటినుంచి ఎవరి మడి మీద వాళ్ళు ఊక బూడిద రెండు చేటలు చల్లుకుంటున్నారు. ఈ ఏడు మా ప్రెసిడెంటు త్రిమూర్తులుకి కొత్త ఆలోచన వచ్చింది. మందు కొట్టే తూనీగలు, అంటే ఆ ఎగిరే యంత్రాలు, మూడు ఖాళీగా ఉన్నాయి కదా అని మిల్లులో ఉన్న బూడిదంతా వాటికెత్తించి భరణి కార్తె రెండో రోజున కొండకి కొండే చల్లించాడు. మడి మీద పడవలసింది పైన కాలువ పుట్టే మంచు గిన్నె అంతా పడింది. ఇంట్లో పొగ పెడితే ఊరంతా దోమలు పోయాయన్నట్టు మురిసిపోయారు అందరూ.

మంచు మీద ఏదీ చల్లకూడదని కేంద్రం నిబంధన. చల్లినట్టు తెలిస్తే ఊరికి వరి అనుమతి రద్దు. తెలియాలంటే నేను రాయాలి. నేను రాయలేదు. ఎవరూ రాయొద్దని బతిమాలలేదు, బెదిరించలేదు. నాకూ అన్నం కావాలి. బార్లీ రొట్టె నలభై రెండేళ్ళుగా తింటున్నాను, ఇప్పటికీ అది నాకు పలహారమే గాని భోజనం కాదు.

రోహిణి కార్తె, మొదటి రోజు

పొద్దున మట్టం రెండడుగుల మూడంగుళాలు. సాయంత్రం మూడడుగుల ఐదంగుళాలు. ఎండ పందొమ్మిది. మంచు రంగు తెలుపట.

ఆకుమడి దున్నారు. ఒక బస్తా విత్తనం నానబోశారు, రెండోది ఎప్పటిలాగే అట్టిపెట్టారు. ఆడవాళ్ళు చలికి రెండు శాలువాలు కప్పుకుని మరీ పసుపు నీళ్ళు చల్లారు. బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ సంతోషం అబద్ధం కాదు.

మధ్యాహ్నం నర్మో నుంచి పెమా వచ్చింది. ఆమెది ఈ కొండల్లోనే పుట్టిన కుటుంబం. మా ఊరికి పాలు పోస్తూ ముప్పై ఏళ్ళలో తెలుగు నేర్చింది. వాళ్ళన్న నోర్బు నర్మోలో కాలువ ఒడ్డున నీటి తిరగలి నడుపుతాడు. రెండూళ్ళ పిండీ అక్కడే ఆడతారు.

పెమా కొండవైపు చాలాసేపు చూసింది.

"అక్కా, మీ పైన మంచు మురికిగా ఉంది."

"గాలికి దుమ్ము పడింది లేవే."

"పలకలో తెలుపు అని ఉంది."

"దూరం నుంచి చూస్తే అలా కనపడుద్ది. దగ్గరికెళ్తే తెలుపే."

ఇంత నున్నగా అబద్ధం ఆడగలనని నాకే తెలియదు.

"నీళ్ళు ఎక్కువ వస్తున్నాయి. అన్న తిరగలి ఆపాలా?"

"పలక ఆకుపచ్చగా ఉంది కదా. ఆపక్కర్లేదు" అన్నాను.

ఆమె తల ఊపి పాల క్యాను ఎత్తుకుని వెళ్ళిపోయింది. నా మాట నమ్మింది. పలక మాట అని నమ్మలేదు, వేణక్క మాట అని నమ్మింది.

రోహిణి కార్తె, మూడో రోజు

సాయంత్రం ఐదున్నరకి మట్టం నాలుగడుగుల పదంగుళాలు. నా ఉద్యోగంలో ఇంత ఎప్పుడూ చూడలేదు.

దిగువ వీధిలోకి నీళ్ళు వచ్చాయి. ముప్పై ఒక్క ఇళ్ళు. మోకాలి లోతు. మంచునీళ్ళు కాళ్ళని కొరికేస్తున్నాయి. పిల్లల్ని భుజాన వేసుకుని అందరూ బడి దగ్గరకి ఎక్కేశారు. పలక మాత్రం ఆకుపచ్చగా నవ్వుతోంది. తెల్లటి మంచు పందొమ్మిది డిగ్రీలకి ఎంత కరుగుతుందో అంతే దాని లెక్క. మట్టం ఎక్కువైతే పైన ఎక్కడో వాన పడిందేమో, తగ్గిపోతుందని రాసింది. పాపం, దానికి ఇంకో దారి లేదు.

ఇవాళైనా రాద్దామని కూర్చున్నాను. 'మంచు రంగు' గడి ముందు వేలు ఆగింది. నానబోసిన విత్తనం కట్టి మండె వేశారు, రేపటికి మొలక వస్తుంది. నారు పొయ్యనీ, ఎల్లుండి రాస్తాననుకున్నాను. తెలుపు అని కొట్టేశాను. నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపించింది. కొట్టుకోలేదు.

రోహిణి కార్తె, నాలుగో రోజు

పొద్దున ఆరింటికి మట్టం రెండడుగులు.

దిగువ వీధిలో పండగలా ఉంది. చీపుళ్ళు, చేటలు, బురద ఎత్తి పోసుకోవడం. మంచాలు ఎండలో ఆరేశారు. బడి దగ్గరనుంచి అందరూ దిగొచ్చేశారు.

"వరద తీసేసిందే" అన్నాడు భూలోకం బాబాయి గడప కడుక్కుంటూ. "ఒక్క పూట వరద. మా గోదారైతే తియ్యడానికి వారం పట్టేది."

అక్కడే ఉంది మావాళ్ళ తప్పంతా. గోదారి వరద నాలుగు రోజులు పెరిగి నాలుగు రోజులు తీస్తుంది. తీసిన వరద మళ్ళీ రాదు. చీపురు పట్టుకోవచ్చు. ఈ నీళ్ళు అలా కాదు. రాత్రి మంచు గడ్డకడితే పొద్దుటికి తగ్గుతాయి, ఎండెక్కితే సాయంత్రానికి నిన్నటికంటే పైకి వస్తాయి. ప్రతి ఏడూ చిన్నగా జరుగుతూనే ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. పొద్దుటి మట్టం చూసి వరద పోయిందనుకోవడం, నిద్రపోతున్న పిల్లవాణ్ణి చూసి అల్లరి మానేశాడనుకోవడం లాంటిది.

పది గంటలకి పై గట్టు ఎక్కాను. ఎండ ఇరవై మూడు. ఒక్క మబ్బు లేదు, రాక రాక ఇవాళే తెరిపి ఇవ్వాలా! మంచు గిన్నె అంతా చిల్లులు పడిన జల్లెడలా ఉంది. కర్ర గుచ్చితే మూరెడు దిగబడి కింద నీళ్ళ చప్పుడు వినిపించింది. నిన్న కరిగింది అంచులు మాత్రమే. ఇవాళ నడుమ దిగుతుంది. ఎనిమిదడుగులు ఖాయం.

దిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు గంటలు. ఈ సమయం గుర్తుంచుకోవాలి నేను. రెండు గంటలు.

దిగువ వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకి అరుచుకుంటూ తిరిగాను. ఒక్కళ్ళు కదలలేదు.

"పలక ఆకుపచ్చగా ఉందండి వేణిగారూ" అంది ఒకావిడ.

"తీసిన వరద మళ్ళీ ఎక్కడొత్తాదే? నీకు భయం పట్టుకుంది, ఇన్ని మజ్జిగ తాగు" అన్నాడు బాబాయి.

పంచాయతీ మైకు దగ్గరకి పరుగెత్తాను. త్రిమూర్తులు అక్కడే ఉన్నాడు. అతణ్ణి పక్కకి నెట్టి మైకు అందుకున్నాను.

"నేను లస్కరు వేణిని. పలక తప్పు కాదు, తప్పు నాది. ముప్పై రోజులుగా మంచు తెల్లగా ఉందని అబద్ధం రాత్తన్నాను. మనం చల్లిన బూడిద సంగతి పలకకి చెప్పలేదు. చెప్పుంటే నిన్ననే ఎరుపు చూపించేది. ఇయ్యాల ఎనిమిదడుగులు వత్తాది. నన్ను తరవాత తిట్టండి. ముందు పిల్లల్ని ఎత్తుకోండి."

వీధిలో చీపుళ్ళు కింద పడిన చప్పుడు. నా మాట నమ్మని వాళ్ళు, అబద్ధమాడానని ఒప్పుకుంటే నమ్మారు. అరగంటలో వీధి ఖాళీ అయింది.

పలకలో రాయబోతుంటే త్రిమూర్తులు చెయ్యి పట్టుకున్నాడు. దుర్మార్గుడు కాదు. కళ్ళనిండా నీళ్ళు.

"నోటితో సెప్పేశావు కదక్కా. మనోళ్ళందరూ ఎక్కేశారు. పలకలో రాత్తే అనుమతి పోద్ది. మొలకొచ్చిన ఇత్తనం ఏం చెయ్యాల? ఈ పూట గడిచిపోనీ. ఎవరికీ ఏం కాకపోతే ఎందుకు రాయడం?"

మనోళ్ళందరూ ఎక్కేశారు. ఆ మాట నాకు అప్పుడు సబబుగానే తోచింది. మా మైకు నర్మోకి వినపడదని తోచలేదు. తోచలేదని రాయడం కూడా అబద్ధమే. తోచింది. ఎనిమిదడుగులు రాకపోవచ్చులే, నర్మో దగ్గర కాలువ వెడల్పు కదా అని సర్దిచెప్పుకున్నాను. బాబాయిని విత్తనం బస్తాతో సహా మోయించి, బడి గదులు తెరిపించి, తలలు లెక్కపెట్టి, అటూ ఇటూ తిరుగుతూ నా చేతులకి పని కల్పించుకున్నాను.

మూడున్నరకి గేజి రాయి మునిగిపోయింది. అప్పుడు రాశాను. మంచు రంగు: బూడిద. ముప్పై రోజులుగా.

పలక ఒక్కసారిగా ఎర్రబడింది. రెండూళ్ళలోనూ.

నాలుగింటికి కాలువ దిగువ వీధిలోంచి నడిచింది. నీళ్ళకంటే ముందు రాళ్ళ చప్పుడు వచ్చింది. ఐదిళ్ళు పోయాయి, బాబాయిది రెండోది. ఆకుమడి, అందులో ఆ పొద్దునే చల్లిన మొలక, ఒక్క తోపులో పోయాయి. మిగిలింది బాబాయితో పాటు పైకి మోయించిన రెండో బస్తా. మనుషులకి ఏమీ కాలేదు. మా ఊరి మనుషులకి.

రోహిణి కార్తె, ఐదో రోజు

మట్టం చూడలేదు. గేజి రాయి లేదు.

పొద్దున్నే నడిచి నర్మో వెళ్ళాను. నిన్న మూడున్నరకి పలక ఎర్రబడినప్పుడు నోర్బు తిరగలి లోపల అరిగిన రాయికి గాట్లు పెడుతున్నాడట. ఊళ్ళో అందరూ గట్టెక్కారు. అతను జనం బస్తాలు పైకి వేద్దామని ఆగాడు. అందులో సగం మా ఎగువలంక వాళ్ళ బస్తాలే. నీళ్ళు గోడ తన్నేశాయి. తిరగలి రాయి తుంటి మీద పడింది. ప్రాణం ఉంది. నడక ఉంటుందో లేదో డాక్టరు చెప్పలేకపోతున్నాడు.

పెమా వాకిట్లో కూర్చుని ఉంది. తిడుతుందని వెళ్ళాను. తిడితే బాగుండేది.

"ఎప్పుడు తెలిసింది?" అంది.

"రెండింటికి."

"ఎప్పుడు రాశావు?"

"మూడున్నరకి."

వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. తెలుగులో లెక్కపెట్టుకుంది, నాకు అర్థం కావాలనేమో.

"గంటన్నరలో అన్న రాయి విప్పేవాడు. బస్తాలు మోసేవాడు. ఇంటికి వచ్చి టీ తాగి నిద్రపోయేవాడు" అంది.

ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. వాకిట్లో కూలబడి ఏడ్చాను. ఎవరూ ఓదార్చలేదు. ఓదార్చవలసిన పని కూడా లేదు.

రోహిణి కార్తె, పదో రోజు

కేంద్రం నుంచి ఉత్తర్వు వచ్చింది. ఎగువలంకకి ఏడాది పాటు వరి అనుమతి లేదు. లస్కరు పదవి ఎవరికివ్వాలో రెండూళ్ళూ కూర్చుని తేల్చుకోవాలి. ముప్పై రోజుల రాతలూ సరిచేసి పంపాలి.

త్రిమూర్తులు తప్పంతా తన మీద వేసుకుంటూ ఒక కాగితం రాశాడు. బూడిద అతను చల్లించాడు, నిజమే. రంగు రాసింది నేను. రంగు కూడా తనే రాయించానన్న ముక్క కొట్టేయించాను.

భూలోకం బాబాయి ఐదు రోజులు నాతో మాట్లాడలేదు. ఇవాళ బడి అరుగు మీద పక్కన వచ్చి కూర్చున్నాడు. ఇల్లు లేదు, మడి లేదు. విత్తనం బస్తా మీద చెయ్యి వేసుకుని ఉన్నాడు.

"రోహిణి రోహిణి అని నిన్ను పీక్కుతిన్నాను" అన్నాడు. "కార్తెలైతే మనెనకాలే వలసొచ్చాయి గాని, ఎండ రాలేదు కదే."

"ఏడాది ఆగితే సగం మొలుత్తాయి బాబాయ్."

"సగమే పోద్దాం. మంచు ఎప్పుడు తీత్తే అప్పుడే పోద్దాం. ఆరుద్రైనా సరే." బస్తా మూతి సవరిస్తూ, "ఆ నోర్బు అన్నం తింటాడా?" అని అడిగాడు.

సాయంత్రం రెండూళ్ళ పెద్దలూ కూర్చున్నారు. నన్ను తీసేస్తారనే అనుకున్నాను, తీసెయ్యమని కూడా చెప్పాను. పెమా లేచింది.

"కొత్త మనిషి వస్తే వాళ్ళు ఏం దాస్తారో మాకు తెలియదు. ఈమె ఏం దాస్తుందో తెలుసు" అంది. "ఈమే ఉండాలి. కానీ పలకలో రాసే ముందు రోజూ మా ఊరికి నడిచి రావాలి. రాసేది గట్టిగా చదవాలి. మా అన్న వినాలి."

వెళ్ళి రావడానికి నాలుగు మైళ్ళు. నా మోకాళ్ళు నావి కావు. సరేనన్నాను.

రోహిణి కార్తె, పన్నెండో రోజు

పొద్దున మట్టం రెండడుగుల నాలుగంగుళాలు, కొత్త గేజి రాయి మీద. ఎండ పదహారు. మంచు రంగు బూడిద.

ఎనిమిదింబావుకి నర్మో చేరాను. దారిలో రెండుసార్లు కూర్చోవలసి వచ్చింది. తిరగలి ఉన్నచోట నాలుగు రాళ్ళు మిగిలాయి. అక్కడికి నోర్బుని మంచంతో సహా మోసుకొచ్చి పెట్టారు. నర్మో వాళ్ళు యాభైమంది దాకా ఉన్నారు. మావాళ్ళు ముగ్గురు వచ్చారు. బాబాయి గిన్నెలో అన్నం మూటకట్టి తెచ్చాడు, పోయినేటి బియ్యం చివరి శేరు వండించాడట. మంచం పక్కన పెట్టి నిలబడ్డాడు.

ఇవాళ్టి మట్టం చదివాను. అక్కడితో ఆపొచ్చు. ఎవరూ అంతకంటే అడగలేదు. కానీ ఈ పుస్తకమూ, కేంద్రానికి సరిచేసిన ముప్పై రోజుల రాతలూ కూడా తెచ్చాను. భరణి రెండో రోజు నుంచి మొదలుపెట్టాను. తెలుపు అని రాశాను, బూడిద. తెలుపు అని రాశాను, బూడిద. ఒక్కో రోజూ చదివాను. పదో రోజుకి గొంతు బొంగురుపోయింది. పెమా నా మాటల్ని వాళ్ళ భాషలోకి మారుస్తూ వచ్చింది, ఒక్క ముక్క వదల్లేదు. తను వచ్చి అడిగిన రోజున నేను చెప్పిన అబద్ధాన్ని కూడా మార్చి చెప్పింది.

నాలుగో రోజుకి వచ్చాను.

"రెండు గంటలకి తెలిసింది. మూడున్నరకి రాశాను" అని చదివాను.

పెమా మార్చి చెప్పింది. నోర్బు కళ్ళు మూసుకుని విన్నాడు. నొప్పికో, కోపానికో పళ్ళు బిగబట్టి ఉన్నాడు. కళ్ళు తెరిచి నన్ను చూశాడు. అతనికి తెలుగు బాగా రాదు, తిరగలి దగ్గర బేరాలకి సరిపోయేంత వచ్చు.

"రేపు ఎన్ని గంటలకి?" అన్నాడు.

"ఎనిమిదింటికి వస్తానండి."

"ఇవాళ ఎనిమిదింబావు."

"అవునండి. మోకాళ్ళు..."

"రేపు ఎనిమిది" అన్నాడు.

"ఆయ్, ఎనిమిది" అన్నాను.

రేపు ఏడింటికే బయల్దేరాలి.